వేడి మీద కొలిచిన పుల్లీ

ఇరవై రెండేళ్ళుగా నా పని ఇతరులు చేసిన వస్తువుల్ని కొలవడం. మొదటి పద్నాలుగేళ్ళు పరవాడ వైపు పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, క్వాలిటీ సెక్షన్లో చేశాను. ఆ తర్వాత గాజువాక ఆటోనగర్లో ఒక గది అద్దెకి తీసుకుని సొంతంగా పెట్టుకున్నాను. చిన్న గది. ఒక ఏసీ, ఒక నల్ల గ్రానైటు బల్ల, దాని మీద మైక్రోమీటర్లు, డయల్ గేజీలు, రంధ్రాలు కొలిచే బోర్ గేజీలు. లేతు మీద, మిల్లింగు మిషన్ మీద ఎవరైనా ఏదైనా చేసిస్తే, అది అడిగిన కొలతకి వచ్చిందో లేదో చూసి కాగితం మీద రాసిచ్చేదాన్ని నేను.

మా అమ్మకి ఈ పని ఎప్పటికీ మింగుడు పడలేదు. "ఎవులో కట్టపడి సేసినదానికి నువ్వు వంకలు పెడతావు, దానికి నీకు జీతం ఇత్తారేటే?" అనేది. అదేనమ్మా, వంక ఉంటే పెడతాను, లేకపోతే లేదని రాస్తాను అంటే, "లేదని రాయడానికి కూడా ఇత్తారా!" అని ఇంకా ఆశ్చర్యపోయేది.

నాకు మాత్రం ఈ పని అంటే మొదటినుంచీ ఇష్టమే. బల్ల మీద పెట్టిన వస్తువుతో నాకు బంధుత్వం లేదు. అది ఎవరు చేశారన్నది నాకు అక్కర్లేదు. సూది ఎంత చూపిస్తే అంత. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళూ పెద్ద పెద్ద మేస్త్రీల ముందు తల ఎత్తుకుని "ఇది పనికిరాదు" అనగలిగాను. ఆ ధైర్యం ఒక్కసారి నన్ను బోర్లా పడేసింది. ఆ సంగతే ఇది.

ఒక జనవరిలో, ముప్పై ఐదేళ్ళ మనిషి ఒకాయన నా గదికి వచ్చాడు. ఓడల మీద సెకండ్ ఇంజనీరు. ఆరు నెలలు సముద్రం మీద, నాలుగైదు నెలలు ఇంట్లో. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక పాత పెట్రోలు కారు కింద పడుకుని ఉంటాడని వాళ్ళావిడ తర్వాత నాతో చెప్పింది. ఊరు విజయనగరం వైపు, నాన్నది వ్యవసాయం. వచ్చీ రాగానే నన్ను అక్కా అన్నాడు. చేతిలో ఒక పుల్లీ ఉంది. నీలం రంగు పూత, అద్దంలా నునుపు. పండక్కి ఇచ్చే బహుమతిలా ఉంది.

"ఏటిది?" అన్నాను.

"సూపర్‌చార్జరు పుల్లీ అక్కా."

నాకు పంపులు తెలుసు గానీ సూపర్‌చార్జరు తెలీదు. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాడు. ఇంజను మామూలుగా తనకి కావలసిన గాలి తనే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జరు అంటే ఒక గాలి పంపు. ఇంజనే దాన్ని బెల్టుతో తిప్పుతుంది, అది గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. ఆ పంపు ఇరుసు మీద ఉండే పుల్లీ ఎంత చిన్నదైతే పంపు అంత జోరుగా తిరుగుతుంది. విదేశీ కారు ఒకటి తుక్కుకి వస్తే దాంట్లోంచి ఈ పంపు తెచ్చుకున్నాడు. దాని పుల్లీ తన కారుకి పెద్దదైంది. చిన్నది చేయించుకోవాలి. ఇంటర్నెట్లో చూసి, ఎక్కడో దూరాన ఉన్న ఒక చోట చేయించి తెప్పించుకున్నాడు.

"పెట్టినప్పట్నించీ బెల్టు ఊరుకోటం లేదక్కా. రెండుసార్లు ఎగిరిపోనాది. పుల్లీ సూత్తే ఇంత బాగుంది. తప్పు ఎక్కడుందో నాకర్థం కాటం లేదు."

పుల్లీని ఒక సన్నటి ఉక్కు కడ్డీకి బిగించి, రెండు కొనల మధ్యా పట్టి, దాని గాడి మీద డయల్ గేజీ సూది ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాను. సూది ఒక పక్కకి పోయి, మళ్ళీ రెండో పక్కకి వచ్చింది. నూట ఇరవై మైక్రాన్లు. మనిషి తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే, దాదాపు రెండు వెంట్రుకలంత ఊగుతోంది. నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగే వస్తువుకి అది చాలా ఎక్కువ.

"రంధ్రం ఒకసారి పట్టి చేశారు, గాడి ఇంకోసారి పట్టి చేశారు," అన్నాను. "రెండింటికీ కేంద్రం ఒకటి కాలేదు. రంగు వేశాక ఎవరూ చూడలేదు."

ఆయన సూదినే చూస్తూ కూర్చున్నాడు. "మెరుపు సూసి మోసపోనాను కదక్కా," అన్నాడు.

"మోసం అనుకోకు. వాళ్ళు మెరుపు అడిగినవాళ్ళకి మెరుపు ఇస్తారు."

మరి ఈ ఊళ్ళో ఎవరు చెయ్యగలరని అడిగాడు. నేను ఆలోచించకుండా ఒక మనిషి గురించి చెప్పాను.

ఆయన కంచరపాలెంలో రైలు పట్టాల వెనక సందులో లేతు పెట్టుకున్న పెద్దాయన. ఇల్లు పాతపట్నంలో. మూడు తరాలుగా ఇనుము పని చేసే ముస్లిం కుటుంబం, తాతగారు హార్బర్లో పడవల పనులు చేసేవారట. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అదే అంటాను. ఫ్యాక్టరీలో ఉన్న పద్నాలుగేళ్ళలో ఆయన దగ్గర్నుంచి వచ్చిన ఒక్క వస్తువు కూడా నేను తిప్పి పంపలేదు. అయినా మా ఇద్దరికీ మాటలు తక్కువ. నేను రాసే రిపోర్టులంటే ఆయనకి గిట్టదు. సరుకు తెచ్చినప్పుడు ఒకసారి నా బల్ల దగ్గర నిలబడి, "కాయితం తిరగదు బేటీ, సరుకు తిరుగుద్ది," అని వెళ్ళిపోయాడు. ఆ మాటకి నేను నొచ్చుకున్నాను గానీ, ఆయన పని మీద నా గురి చెక్కుచెదరలేదు.

ఓడ ఇంజనీరు వెళ్ళి అడిగితే ఉస్తాద్ ముందు కాదన్నాడట. తర్వాత ఆ పంపుని తెమ్మని, చేతిలో పట్టుకుని తిప్పి చూసి, అందులోంచి వచ్చే గాలి చప్పుడు విని, సరే అన్నాడట. పుల్లీతో పాటు, ఆ పంపుని ఇంజనుకి పట్టి ఉంచే బ్రాకెట్ కూడా ఆయనే చెయ్యాలని మాటయింది. బ్రాకెట్ డ్రాయింగు ఓడ ఇంజనీరు తనే గీసిచ్చాడు. ఈలోగా ఆయనకి ఓడ నుంచి పిలుపొచ్చింది, మూడు నెలల చిన్న డ్యూటీకి వెళ్ళి ఏప్రిల్ చివర్లో తిరిగొచ్చాడు. వచ్చేసరికి పుల్లీ, బ్రాకెట్ రెండూ సిద్ధంగా ఉన్నాయి.

అప్పుడే ఆ మే నెల మధ్యాహ్నం వచ్చింది.

రెండు గంటలయింది. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. ఓడ ఇంజనీరు కారు డిక్కీలోంచి రెండు వస్తువులూ గోనెసంచిలో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. సాయంత్రం మెకానిక్ దగ్గర వాటిని బిగించేద్దామని తొందర.

"అక్కా, గంటలో సెప్పీగలవా?"

పుల్లీ చేతిలోకి తీసుకున్నాను. నీలం రంగు లేదు, మెరుపు లేదు. గాడుల్లో పనిముట్టు నడిచిన సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. చేతికి వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం నాకు తెలిసింది, తెలిసినా పట్టించుకోలేదు. ఈ మాట ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో.

ముందు ఊగుడు చూశాను. ఏడు మైక్రాన్లు. సూది కదిలిందా లేదా అన్నట్టు ఉంది. ఓడ ఇంజనీరు నవ్వాడు. తర్వాత రంధ్రం కొలిచాను. ఈ పుల్లీ ఇరుసు మీదకి సులువుగా జారకూడదు. పుల్లీని వేడిచేసి, రంధ్రం కాస్త విచ్చుకున్నాక ఇరుసుకి ఎక్కించాలి, చల్లారాక అది బిగుసుకుని పట్టుకోవాలి. అందుకని రంధ్రం ఇరుసు కన్నా ఇరవై నుంచి ముప్పై మైక్రాన్లు చిన్నదిగా ఉండాలని ముందే అనుకున్నాం. ఇరుసు కొలత జనవరిలోనే నేను రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు రంధ్రం కొలిస్తే పదమూడు మైక్రాన్లే చిన్నదిగా ఉంది. మళ్ళీ కొలిచాను. పదమూడే.

"పట్టు చాలదు," అన్నాను. "జోరుగా తిరిగేటప్పుడు జారిపోవచ్చు."

"ఉస్తాద్ సేసింది కూడానా?" అన్నాడాయన నమ్మలేనట్టు.

"ఎవరు చేస్తేనేం. కొలత అది."

బ్రాకెట్ కూడా చూశాను. రంధ్రాలన్నీ చోట్లో ఉన్నాయి, ముఖం చదునుగా ఉంది, డ్రాయింగులో ఉన్న ప్రతి అంకె సరిపోయింది. బ్రాకెట్ సరి, పుల్లీ తిరస్కారం అని రిపోర్టు రాసి సంతకం పెట్టిచ్చాను. గంట కూడా పట్టలేదు.

ఆ రిపోర్టు ఫొటో తీసి ఆయన వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కార్ల మీద మోజున్నవాళ్ళు, మెకానిక్కులు, లేతు పనివాళ్ళు ఒక వందమంది దాకా ఉండే గ్రూపు అది. చెడ్డ ఉద్దేశం లేదు, ఇప్పుడేం చెయ్యాలని అడగడానికే పెట్టాడు. కానీ వందమందీ చదివింది మాత్రం ఉస్తాద్ సరుకు ఫెయిలైందని.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి నేను గది తాళం తీస్తుంటే ఆటో ఆగింది. ఉస్తాద్ దిగాడు. డెబ్బై దగ్గర పడిన మనిషి, తెల్ల లాల్చీ, చేతిలో, ఓడ ఇంజనీరు ముందురోజు సాయంత్రం తిరిగిచ్చేసిన పుల్లీ, పాత తువ్వాల్లో చుట్టి. ఎనిమిదేళ్ళలో ఆయన నా గదికి రావడం అదే మొదలు.

"కూర్చోండి ఉస్తాద్ గారూ," అన్నాను.

కూర్చోలేదు. "బేటీ, నువ్వు రాసిన కాయితం నిన్న రాత్రి మా అల్లుడు సూపించాడు. పదమూడు అని రాసావు."

"అవునండి. రెండుసార్లు కొలిచాను."

"నాను ఇరవై మూడు ఉంచినాను. నాకూ గేజీ ఉంది, నాకూ కళ్ళున్నాయి. నాను ఇరవై మూడు ఉంచితే నీకు పదమూడు వచ్చింది. మధ్యలో పది మైక్రాన్లు ఎవులు తినీసారు?"

మాటలో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది, నేను కూడా గట్టిగా మాట్లాడి ఉందును. నిజంగానే లెక్క తెలియక అడిగినట్టు అడిగాడు.

"ఎన్నింటికి కొలిసావ్?" అన్నాడు.

"రెండున్నరకి."

"అతగాడు ఎలగ తెచ్చాడు?"

"కారు డిక్కీలో."

"ఎంతసేపు సల్లార్నిచ్చావ్?"

క్వాలిటీ సెక్షన్లో చేరిన మొదటి రోజు నాకు నేర్పిన మొదటి పాఠం అది. బయటనుంచి వచ్చిన వస్తువుని గ్రానైటు బల్ల మీద పెట్టి, కనీసం నాలుగు గంటలు వదిలెయ్యాలి. గది ఎంత చల్లగా ఉందో వస్తువూ అంత చల్లబడ్డాకే ముట్టుకోవాలి. అందులోనూ ఈ పుల్లీ అల్యూమినియం, వేడికి అది ఉక్కు కన్నా రెట్టింపు సాగుతుంది. ఇరవై మిల్లీమీటర్ల రంధ్రం, డిక్కీలో పడి ఉన్న వేడి. ఆ పది మైక్రాన్లు ఎండ తినేసింది. ఈ లెక్క మనసులో వెయ్యడానికి నాకు పది సెకన్లు కూడా పట్టలేదు. ముందురోజు ఆ పది సెకన్లు నేను పెట్టలేదు.

"ఇప్పుడు కొలిసి సూడు," అన్నాడు. "రాత్రంతా మా ఇంట్లో అరుగు మీద ఉంది. వేడి లేదు."

"ఇప్పుడు కూడా కాదండి," అన్నాను. "మధ్యాహ్నం దాకా ఈ బల్ల మీద ఉంచి కొలుస్తాను. తప్పు చేసిందాన్ని నేను, రెండోసారీ తొందరపడను. మీరు ఉంటానంటే ఉండండి."

ఉంటానన్నాడు. పక్క హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించాను, ఒక్కటి తిన్నాడు. ఏసీ గాలి పడక తువ్వాలు మెడకి చుట్టుకుని ఐదు గంటలు స్టూలు మీద కూర్చున్నాడు. మధ్యలో వచ్చిన మూడు పనులు నేను చేసుకుంటుంటే చూస్తూ ఉన్నాడు. ఒకసారి మాత్రం, "ఆ గేజీ పట్టుకున్నప్పుడు నీ సెయ్యి బాగుంటాది," అన్నాడు. ఆ పూట ఆ మెచ్చుకోలు నాకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

పన్నెండున్నరకి కొలిచాను. ఇరవై మూడు. మూడు చోట్ల కొలిచాను, మూడు చోట్లా అదే. ఉస్తాద్ ముఖంలో గెలిచిన ఛాయ ఏమీ లేదు. పుల్లీ తీసి తువ్వాల్లో చుట్టబోయాడు.

"ఉండండి," అని కొత్త రిపోర్టు రాశాను. నిన్నటి రిపోర్టు తప్పు, వస్తువు చల్లారకుండా కొలిచాను, తప్పు కొలిచినదానిదే గానీ చేసినవారిది కాదు, పుల్లీ సరిగ్గా ఉంది. ఇవే మాటలు. ఓడ ఇంజనీరుకి ఫోన్ చేసి దాన్ని అదే గ్రూపులో పెట్టమన్నాను.

"అక్కా, ఇలగ రాస్తే నీ పేరు పోద్దేమో? ఎక్కడో మెషిను తేడా వచ్చిందని రాద్దాం," అన్నాడాయన.

"మెషిను తేడా రాలేదు. నేను రాసినట్టే పెట్టు."

పెట్టాడు. ఆ తర్వాత తెలిసింది, ముందురోజు ఆ ఫొటో చూసి ఇద్దరు మనుషులు ఉస్తాద్ దగ్గరున్న తమ పని వెనక్కి తీసుకెళ్ళిపోయారని. ఆయన నాకు ఆ మాట చెప్పలేదు. వాళ్ళల్లో ఒకాయన తిరిగి వెళ్ళాడు, రెండో ఆయన వెళ్ళలేదు. నా వల్ల జరిగినదాంట్లో ఆ ఒక్కటీ నేను సరిచెయ్యలేకపోయాను. నా గదికి వచ్చే పని మాత్రం తగ్గలేదు. నిజం చెప్పాలంటే కాస్త పెరిగింది. తప్పు రాసి తప్పని ఒప్పుకున్న మనిషి సరేనని రాస్తే నమ్మొచ్చని అనుకున్నారేమో మరి.

పుల్లీ బిగించారు. పరవాడ దాటాక, ఎవరో తెలిసినవాళ్ళ మూతపడ్డ గోడౌన్ల లోపల పొడుగ్గా ఒక కాంక్రీటు రోడ్డు ఉంది. ఊరి రోడ్ల మీద కాకుండా ఒక ఆదివారం పొద్దున్న అక్కడ కారుని నడిపి చూశాడు ఓడ ఇంజనీరు. పుల్లీ పట్టు చెదరలేదు. కానీ నాలుగో చుట్టులో బెల్టు కీచుమని అరవడం మొదలెట్టింది. ఆపి చూస్తే పంపు తన చోటు నుంచి కొద్దిగా ఒరిగినట్టు అనిపించిందట. బ్రాకెట్ విప్పి సోమవారం నా దగ్గరికి తెచ్చాడు. ఈసారి తనే అన్నాడు, "ఇక్కడే వదిలీసి ఎల్తాను అక్కా. సల్లారనీ."

సాయంత్రం రమ్మని ఇద్దరికీ కబురు పెట్టాను. వాళ్ళ ముందే చూద్దామని.

కంటికి ఆ బ్రాకెట్లో ఏమీ కనిపించలేదు. కొలతలు మళ్ళీ అన్నీ సరిపోయాయి. అప్పుడు ఎర్ర రంగు తీశాను. ఈ పరీక్ష చాలా సులువైనది. వస్తువుని శుభ్రంగా కడిగి, పల్చటి ఎర్ర రంగు పూసి, పది నిమిషాలు ఆగాలి. ఎక్కడైనా పగులు ఉంటే రంగు దాంట్లోకి ఇంకుతుంది. పైనున్న రంగంతా గుడ్డతో తుడిచేసి, తెల్ల పొడి స్ప్రే కొడితే, పగుల్లో దాక్కున్న ఎరుపు ఆ తెలుపులోకి ఊరి పైకి వస్తుంది.

ముగ్గురం బల్ల చుట్టూ నిలబడి చూస్తున్నాం. తెలుపు ఆరింది. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత, బ్రాకెట్ రెండు పలకలూ కలిసే లోపలి మూలలో ఒక ఎర్ర చుక్క తేలింది. చూస్తుండగానే అది గీతయింది. చిటికెన వేలి గోరంత పొడుగు.

ఉస్తాద్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మూల సూటిగా ఉంది," అన్నాను. "రెండు పలకలు కలిసే చోట గుండ్రంగా వంపు ఉండాలి. సూటి మూలలోనే అదురంతా పోగవుతుంది. అక్కణ్ణించే పగులుతుంది."

"డ్రాయింగులో సూటిగానే ఉంది బేటీ," అన్నాడు ఉస్తాద్. "అతగాడు ఎలగ గీస్తే నాను అలగ సేసినాను. వంపు పెడదామా అని నా మనసులో ఒకసారి అనుకున్నాను. సదువుకున్నోడు గీసాడు కదా, మధ్యలో నాకెందుకని ఊరుకున్నాను."

ఓడ ఇంజనీరు ముఖం ఎర్రబడింది. "గీత నాదే అక్కా. షిప్పులో ఎవడైనా ఇలాటి డ్రాయింగు ఇస్తే నానే తిట్టీదును. ఇంటికొచ్చీసరికి బుర్ర ఇంట్లో పెట్టీసాను."

"నేను దాన్ని చూసి సరి అని సంతకం పెట్టాను," అన్నాను.

ఉస్తాద్ మా ఇద్దర్నీ చూసి నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. "అయితే బాగుంది. గీసింది అతగాడు, సేసింది నాను, సూసింది నువ్వు. ముగ్గురం కలిసి ఒక మంచి పగులు సేసాం."

ఆ రోజు నేను బల్ల దగ్గర చాలాసేపు ఆలోచించాను. డ్రాయింగుకి సరిపోతే సరుకు మంచిదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. డ్రాయింగే తప్పయితే, దానికి సరిగ్గా సరిపోయిన వస్తువు కూడా అంతే సరిగ్గా తప్పు. అప్పటినుంచీ నా రిపోర్టు కింద ఒక ఖాళీ గడి పెట్టాను, నాకు కనిపించింది రాయడానికి. నన్ను అడగకపోయినా రాస్తాను. కొందరికి నచ్చదు, నీకెందుకంటారు. అయినా రాస్తాను.

కొత్త బ్రాకెట్ కోసం ముగ్గురం కలిసి ఉస్తాద్ షాపులో కూర్చున్నాం. ఓడ ఇంజనీరు గీశాడు, ఉస్తాద్ సుద్దముక్కతో దాని మీద దిద్దాడు, నేను అంకెలు వేశాను. పలక మూడు మిల్లీమీటర్లు మందం పెంచాం. లోపలి మూలలో ఎనిమిది మిల్లీమీటర్ల వంపు. మిల్లింగు అయ్యాక ఉస్తాద్ ఆ వంపుని సన్నటి ఎమరీ కాగితంతో చేత్తో రుద్దాడు. అడ్డంగా కాదు, బలం లాగే వైపే నిలువుగా. అడ్డగీత ఒక్కటి మిగిలినా అక్కడే పగులు పుడుతుందని ఆయనకి తెలుసు. పుస్తకంలో ఈ మాట నేను చదువుకున్నాను. ఆయనకి ఎవరు చెప్పారని అడిగితే, "మా నాన్న పడవ ఇరుసులు ఇలగే రుద్దేవోడు," అన్నాడు.

బ్రాకెట్ నా దగ్గరికి వచ్చింది. రాత్రంతా బల్ల మీద ఉంచి కొలిచాను. సరి అని రాశాను.

తర్వాతి ఆదివారం ఆ గోడౌన్ల రోడ్డు మీదకి నన్ను కూడా రమ్మన్నారు. నేను కొలిచిన వస్తువు పని చేసేటప్పుడు నేను ఎప్పుడూ చూడలేదు. ఫ్యాక్టరీలో నా బల్ల దాటితే అది లారీ ఎక్కి పోయేది, ఎక్కడ తిరిగేదో తెలిసేది కాదు. ఓడ ఇంజనీరు పక్కన కూర్చుని సీటు బెల్టు పెట్టుకున్నాను. ఉస్తాద్ వెనక సీట్లో కూర్చుంటానన్నాడు గానీ, మోకాళ్ళు ఒప్పుకోక గోడ నీడన కుర్చీ వేసుకున్నాడు.

మొదట మెల్లగానే వెళ్ళింది, మామూలు పాత కారులాగే. తర్వాత ఆయన కాలు నొక్కాడు. ముందునుంచి ఒక సన్నటి ఊళ లేచింది, కుక్కర్ విజిల్ వేసే ముందు వచ్చే చప్పుడులా. అది పెరిగి పెరిగి ఒక్క స్వరంలో నిలబడింది. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఆ ఊళలో వణుకు లేదు. పుల్లీ ఊగితే ఆ స్వరం కూడా ఊగుతుంది, ఆ సంగతి నా చెవికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రోడ్డు చివర ఆయన బ్రేకు వేసి నా వైపు తిరిగి, "ఎలగుందక్కా?" అన్నాడు. "మళ్ళీ ఒకసారి పోనీ," అన్నాను. పదిహేను సార్లు తిప్పాం. బెల్టు ఒక్కసారి కూడా అరవలేదు.

మర్నాడు బ్రాకెట్ విప్పించి మళ్ళీ ఎర్ర రంగు పూశాను. తెల్ల పొడి కొట్టి కూర్చున్నాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట. తెలుపు తెలుపుగానే ఉండిపోయింది. ఏమీ లేని ఆ తెలుపుని ఫోన్లో ఫొటో తీసి ఇద్దరికీ పంపాను. ఓడ ఇంజనీరు పది దణ్ణాలు పంపాడు. ఉస్తాద్ నుంచి ఏమీ రాలేదు. ఆయన ఫోను అల్లుడి దగ్గరే ఉంటుంది.

జూన్ చివర్లో ఓడ ఇంజనీరు మళ్ళీ సముద్రం మీదకి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే ఉస్తాద్ అల్లుడు ఫోన్ చేశాడు. మామయ్య మిమ్మల్ని గేజీ పట్టుకుని షాపుకి రమ్మంటున్నాడు, ఎందుకో చెప్పటం లేదు అన్నాడు.

వెళ్ళాను. షాపులో పని ఆపేసి ఉంది. ఉస్తాద్ లేతు పక్కన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన నడుపుతున్న పాత లేతు అది, పిడులన్నీ చెయ్యి ఒరుసుకుని వెండిలా మారాయి.

"బేటీ, దీని ఇరుసు కొలిసి సూడు," అన్నాడు. "ఎంతుంటే అంత సెప్పు. మొహమాటం వొద్దు."

డయల్ గేజీ నిలబెట్టి, లేతు ఇరుసుని చేత్తో తిప్పాను. సూది కదిలింది. పద్దెనిమిది మైక్రాన్లు. లోపలి బేరింగులు అరిగిపోయాయి. నేను ఆయన వైపు చూశాను. ఈ లేతు మీదే ఆ పుల్లీ ఏడు మైక్రాన్లకి వచ్చింది.

"పద్దెనిమిది ఉస్తాద్ గారూ."

తల ఊపాడు. "అరిగిందని తెలుసు. ఎంతో తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఒకే పట్టులో అయిపోయే పనులు ఫరవాలేదు, దేన్నీ విప్పకుండా రంధ్రం, గాడి అన్నీ సేసీత్తాను. తిప్పి పట్టాల్సిన పనులు మాత్రం మూడేళ్ళుగా వొద్దంటన్నాను. ఓపిక లేదని సెప్పి పంపించీసేవోణ్ణి. ఓపిక ఉంది బేటీ. దీని మీద నమ్మకం లేదు."

ఇంట్లోవాళ్ళకి కూడా ఆ మాట చెప్పినట్టు లేడు. అల్లుడు గుమ్మంలో నిలబడి వింటూ ఆయన వైపే చూస్తున్నాడు.

బేరింగులు మార్చడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆయనే విప్పాడు, ఆయనే బిగించాడు, ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. అయ్యాక మళ్ళీ కబురొచ్చింది. వెళ్ళి కొలిచాను. నాలుగు మైక్రాన్లు.

"రాయి," అని సుద్దముక్క ఇచ్చాడు.

లేతు నుదురు మీద నాలుగు అంకె రాసి, కింద తేదీ వేశాను. ఆయన దాన్ని దగ్గరకొచ్చి ఒకసారి చూశాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "పొద్దున్న హార్బరు నించి పడవాళ్ళు తెచ్చిన తిప్పి పట్టాల్సిన పని, నాను వొద్దన్నాను కదా, ఆళ్ళకి ఫోన్ సెయ్యి. ఎల్లిపోకుండా ఉంటే తెమ్మను," అన్నాడు.

నేను గేజీ పెట్టెలో పెట్టుకుంటుంటే పడవవాళ్ళు ఫోన్లో, ఇంకా రైలు గేటు దగ్గరే ఉన్నాం, వస్తున్నామని చెప్పారు. ఉస్తాద్ చేతులు తుడుచుకుని, లేతు స్విచ్చి వేశాడు.